మాఘం 27, 1901

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు రెండు పేజీలు కావాలని, ఆరో తరగతి నుంచి వరుసగా రాస్తే బాగుంటుందని నిర్వాహక సంఘం మిత్రులు ఫోన్ చేశారు. ఆరు నుంచి తొమ్మిది దాకా జరిగినవన్నీ లంబూ ఎలాగూ రాస్తాడు, రాయకపోతే వేదికెక్కి చెబుతాడు. గంట మాయమైన సంగతి కూడా అతనికే వదిలేస్తున్నాను. మన బడి అనగానే నాకు ఒక్క మధ్యాహ్నమే గుర్తుకు వస్తుంది. అది 1980 ఫిబ్రవరి 16, శనివారం. రోజూ బోర్డు మీద శక పంచాంగం తేదీ వేసే సారుకు మనం పెట్టిన పేరు శకం సారు. ఆయన ఆ రోజు రాసిన ప్రకారం మాఘం 27, 1901.

సూర్యగ్రహణమని ఆ రోజు హనుమకొండ తలుపులు మూసుకుంది. సారు మాత్రం ఇంట్లో ఒప్పుకున్న వాళ్లను, ఒప్పుకోకపోయినా వచ్చిన వాళ్లను, మొత్తం పదకొండు మందిని వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. రంగాపూర్ వేధశాల దగ్గర సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడని, మనకు సన్నని కొడవలి మిగులుతుందని ముందే చెప్పిన ఆయన, అక్కడికి వెళ్లలేకపోయినందుకు పొద్దుటి నుంచీ చిరాకుగా ఉన్నారు. ఎవరూ తలెత్తి చూడబోమని ఒట్టు వేయించుకుని, అట్టకు గుండుసూదితో రంధ్రం చేసి కాగితం మీద బింబాన్ని పట్టారు. అయితే ఆ అట్టతో పనే లేకపోయింది. వేపాకుల సందుల్లోంచి జారిన ప్రతి వెలుగు చుక్కా నేల మీద ఒక చిన్న కొడవలి అయింది.

అప్పుడు మొదలుపెట్టారు ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా కథ. సరిగ్గా 24 ఏళ్ల కింద అదే తేదీన, ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలోనే గుండె ఆగి పోయిన మనిషి అని చెప్పి, అక్కడి నుంచి వెనక్కి నడిచారు. ఢాకా దగ్గర ఒక పల్లెలో కిరాణా కొట్టు నడిపే తండ్రికి 1893లో పుట్టాడని, పై చదువుకు ఒక డాక్టరు తన ఇంట్లో చోటు ఇచ్చాడని, బెంగాల్ విభజన రోజుల్లో గవర్నరు రాకకు నిరసన తెలిపినందుకు బడీ ఉపకార వేతనమూ రెండూ పోయాయని చెప్పారు. కలకత్తా హాస్టల్లో అగ్రకులాల విద్యార్థులు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోవడానికి ఒప్పుకోలేదన్న మాట దగ్గర సారు కాసేపు ఆగారు. హాస్టల్ నుంచి వచ్చే మన ఐదుగురమూ అప్పటిదాకా కొడవళ్లను లెక్కపెడుతున్నాం. ఆ తరువాత లెక్క తప్పింది.

సూర్యుడి వర్ణమండలంలో, అంటే కంటికి కనిపించే బింబం పైన ఉండే పలచని పొరలో, పైకి పోయేకొద్దీ ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియం ఎందుకు అంత స్పష్టంగా కనిపిస్తుందో 1920లో ఆయన సమీకరణం చెప్పిందట. వేడి పెరిగితే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ విడిపోవడం తెలిసిందే, పీడనం తగ్గినా అది ఎందుకు పెరుగుతుందని, మనం ట్రాన్సిస్టర్ అని పిలిచే మిత్రుడు అడిగాడు. సారు మేడారం జాతరను తెచ్చారు: జనం కిక్కిరిసిన చోట తప్పిపోయిన పిల్లవాడు వెంటనే ఎవరో ఒకరి చేతికి చిక్కుతాడు, జనం పలచబడిన అడవి దారిలో చాలాసేపు ఒంటరిగానే తిరుగుతాడు. తరువాత ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలల్లో నేను ఆ పాఠం అదే ఉదాహరణతో చెప్పాను, ఎవరి నుంచి తీసుకున్నానో ఒక్కసారీ చెప్పలేదు.

అంత గొప్పవాడు ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డాడని అడిగింది నేనే. 1952లో కలకత్తా వాయవ్య నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచాడని సారు అప్పుడే చెప్పి ఉన్నారు. వరదల్లో పడవ మీద బడికి వెళ్లిన పిల్లవాడు పెద్దయ్యాక దామోదర్ నది వరదల లెక్కలు వేశాడని, ఆ లెక్కలను కాగితం నుంచి కాలువకు చేర్చాలంటే సభలో మాట్లాడే మనిషి కావలసి వచ్చిందని జవాబిచ్చారు. 1954లో అణుశక్తి మీద సభలో చర్చ జరిపించి, నెహ్రూను ఎదుటే ప్రశ్నించాడని చెబుతున్నప్పుడు సారు గొంతులో వినిపించిన సంతోషం న్యూటన్ సూత్రాల పాఠంలో ఎన్నడూ వినిపించలేదు. దేశంలో వాడుకలో ఉన్న దాదాపు 30 పంచాంగాలను ముందేసుకుని, శక సంవత్సరాలతో లెక్కించే ఒక జాతీయ పంచాంగం తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. అది 1957 మార్చి 22న అమలులోకి వచ్చేనాటికి ఆయన లేడు. సారు రోజూ బోర్డు మీద ఆ తేదీ ఎందుకు రాసేవారో, మనం పెట్టిన పేరుకు ఎందుకు కోపం తెచ్చుకోలేదో ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆ పంచాంగం తిథులతో కాక సూర్యుణ్ణి బట్టి నడుస్తుందని తెలియక, అమావాస్య నాడు ఇరవై ఏడు ఏమిటని వెక్కిరించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

పరకాల అవతల మా ఊరికి 2019లో నేను సర్పంచినయ్యాను. ఆధిక్యం 41 ఓట్లు. చెరువు తూము గొడవ తరాలుగా ఉన్నదే. గ్రామసభలో బోర్డు పెట్టించి, నీటిమట్టం నాలుగింతలైనా తూములో వేగం రెండింతలే అవుతుందని లెక్క వేసి చూపించి, దాని ప్రకారం వంతులు పెట్టాను. మొదటి ఏడు నన్ను పంతులని నవ్వారు, మూడో ఏడు చివరి ఆయకట్టు దాకా నీళ్లు వెళ్లాయి. పదవి ముగిసి చాలా రోజులైనా వంతులు మాత్రం అలాగే నడుస్తున్నాయి.

పాత ఫోటో ఏదైనా ఉంటే పంపమన్నారు. ఆ రోజు మన దగ్గర కెమెరా ఎక్కడిది? నా భౌతికశాస్త్రం నోటుపుస్తకాన్ని నేల మీద పరిచి, దాని మీద పడిన పద్నాలుగు కొడవళ్ల చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను. కింద శక తేదీ సారు చేతి రాతలోనే ఉంది. ఆ పుట పంపుతున్నాను, అచ్చయ్యాక జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి.