నీలిమందు కాదమ్మా

"ఏటే, బట్టల నీలిమందు తలకి రాస్తున్నావా?" అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

పాపిట్లో వేసిన చుక్క జారి నుదుటి మీదకొచ్చింది మరి. జుట్టు కోసం కొన్న కాపర్ పెప్టైడ్ సీరమ్. ఆ నీలం రాగిదే.

రాగి అనగానే చెంబు చూపించింది. "ఇందులో నీళ్లు తాగమంటే వినవు!"

అది వేరమ్మా అన్నాను. పెప్టైడ్ అంటే ప్రోటీన్లని కట్టే అమైనో ఆమ్లాల గొలుసు; ఇందులో మూడింటి బుల్లి గొలుసు రాగిని పట్టుకుని ఉంటుంది. 1973లో మనిషి రక్తంలోనే కనిపెట్టారు. వయసుతో తగ్గిపోతుందట. ముడతలకి కొంత రుజువుంది, జుట్టు సంగతి ఇంకా గట్టిగా తేలలేదు. తెలిసే కొన్నాను, అదీ నా తెలివి!

సాయంత్రానికి బరంపురంలో మా వీధంతా నీలిమందు కథే. పక్కింటి ఒడియా మావుసి కూడా నవ్వింది.

రాత్రి పడుకోబోతుంటే అమ్మ మెల్లగా వచ్చి కంటి పక్క గీతలు చూపించింది. "ఇక్కడో చుక్క వెయ్యి."