చెన్నై నీళ్లకు ఏ కెమెరా? తక్కువ ఖర్చుతో సముద్రం కింద ఫొటోలు

చెన్నై తీరం వెంట వెళ్లే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కోవళంలోనో నీలాంకరైలోనో మొదటిసారి స్కూబా డైవింగ్‌కు గాలి ట్యాంకు కట్టుకుని దిగి వచ్చినవాళ్లు చాలామంది ఆ వారమే కెమెరా వేట మొదలుపెడతారు. చూసేవి మాత్రం అండమాన్‌లోనో మాల్దీవుల్లోనో తీసిన వీడియోలు. మనది ఇసుక తీరం. అల కదిలితే చాలు, మడ్డి లేస్తుంది. చేయి చాపినంత దూరం దాటితే అంతా పచ్చగా, మసకగా ఉండే రోజులు చాలా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఏ కెమెరా అని అడిగేముందు ఏ నీళ్లలో దిగుతారో తేల్చుకోండి.

నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. ఐదారు మీటర్ల లోతుకే అది చాలావరకు పోతుంది. ఇక్కడ లోతు ఒక్కటే లెక్క కాదు. ఉపరితలం నుంచి చేప దాకా, చేప నుంచి లెన్సు దాకా వెలుతురు నడిచే దారంతా కలుపుకోవాలి. ఐదు మీటర్ల లోతులో రెండు మీటర్ల అవతలున్న చేపను తీస్తే వెలుతురు ఏడు మీటర్ల నీటిని దాటి వచ్చినట్టు. మధ్యలో నలకలు సరేసరి. ఎన్ని మెగాపిక్సెళ్లున్నా వాటిని తీసేయలేవు. లెన్సుకీ చేపకీ మధ్య నీటిని తగ్గించడమొక్కటే దారి. మూరెడు దూరంలో తీస్తే మంచిది, జానెడైతే ఇంకా మంచిది.

అందుకే చెన్నై, పుదుచ్చేరి నీళ్లకు మొదటి కెమెరాగా యాక్షన్ కెమెరాను నేను సూచించను. గోప్రో లాంటి వాటి లెన్సు బాగా వెడల్పు, ఫోకస్ కదలదు. అడుగు కంటే దగ్గరకు వెళితే మసకబారుతుంది. దూరంగా ఉంటే ఫ్రేమంతా పచ్చటి నీళ్లే. అంగుళం పొడవున్న సముద్రపు నత్త అందులో చుక్కలా కనిపిస్తుంది. మీరు దిగేది ఎప్పుడూ అండమాన్‌లోనే అయితే, అదీ వీడియోల కోసమైతే, అదే సరైన ఎంపిక.

ఇక్కడి నీళ్లకు ఒలింపస్ టఫ్ (టీజీ) వరుస చిన్న కెమెరాలు సరిపోతాయి. టీజీ-5 2017లో, టీజీ-6 2019లో వచ్చాయి. 2023లో వచ్చిన టీజీ-7 మీద ఒలింపస్ కెమెరాల కొత్త పేరు ఓఎం సిస్టమ్ ఉంటుంది. మూడింటిదీ 12 మెగాపిక్సెళ్లు, ఎఫ్ 2 లెన్సు (వెలుతురును బాగా లోపలికి వదిలేది), మూడూ రా ఫైళ్లు (తర్వాత రంగులు సరిచేసుకోవడానికి వీలైన ముడి ఫైళ్లు) ఇస్తాయి. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాని మీద కూడా ఫోకస్ అవుతాయి. 6కీ 7కీ బొమ్మలో చెప్పుకోదగ్గ తేడా లేదు, పీటీ-059 హౌసింగ్ (కెమెరాకు తొడిగే నీరు చొరని పెట్టె) రెండింటికీ సరిపోతుంది. కాబట్టి బాగున్న సెకండ్ హ్యాండ్ టీజీ-6 దొరికితే కొత్తదాని కోసం చూడక్కర్లేదు. టీజీ-5కి మాత్రం హౌసింగ్ వేరు. పాతది కొనేటప్పుడు బ్యాటరీ మూత, కేబుల్ మూత రెండూ తెరిచి చూడండి. లోపలి రబ్బరు పగిలి ఉన్నా, బ్యాటరీ తగిలే చోట పచ్చటి చిలుము ఉన్నా ఒకసారి నీళ్లు తాగిన కెమెరా అది, వదిలేయండి. లెన్సులోకి టార్చి కొట్టి లోపల చెమ్మ మచ్చలున్నాయేమో కూడా చూడాలి.

ఇక లోతు. కోర్సు లేకుండా చేసే తొలి డైవ్ 12 మీటర్లకు మించదు, ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు సర్టిఫికెట్‌తో 18, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్‌తో 30. హౌసింగ్ లేకుండా గోప్రో 10 మీటర్లు, టీజీ 15 మీటర్లు, డీజేఐ కంపెనీ యాక్షన్ కెమెరా 'యాక్షన్ 4' అయితే 18 మీటర్లు తట్టుకుంటాయి. అంటే గోప్రో ఒక్కటే పట్టుకుంటే తొలి డైవ్‌కే చాలదు. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి అంచు దాకా వెళ్లి పరీక్షించొద్దు. టీజీకి హౌసింగ్ తొడిగితే 45 మీటర్లు. అంతకన్నా ముఖ్యం, హౌసింగ్ కారినా 15 మీటర్ల దాకా లోపలి కెమెరా తనంతట తానే నీళ్లకు ఆగుతుంది. కొత్తవాళ్లకు ఈ రెండో గోడ విలువ చాలా ఎక్కువ.

ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి దింపడం మానండి. ఫోన్ నీటికి ఆగుతుందని చెప్పే ఐపీ68 అన్న అంకె మంచినీటి పరీక్షది, ఉప్పునీటిది కాదు. పైగా నీళ్లలో టచ్ పనిచేయదు.

ఎక్కువమంది డబ్బు మిగుల్చుకోకుండా వదిలేసేది లైటుకే. వంద రూపాయలుంటే కెమెరాకు 50, హౌసింగ్‌కు 20, లైటుకు 20, మిగతా పదీ ట్రే (కెమెరా కింద బిగించే పట్టీ), ఆర్మ్ (లైటును పట్టే కడ్డీ), చేతి తాడు, అదనపు ఓ-రింగ్ (హౌసింగ్ మూతలోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు వలయం), అదనపు బ్యాటరీకి. కెమెరా సొంత ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కనుక ముందున్న ప్రతి నలకనూ వెలిగిస్తుంది, ఫొటో నిండా తెల్లచుక్కలు పడతాయి. దాన్ని ఆపేసి, 100 డిగ్రీలకు పైగా పరుచుకునే వీడియో లైటు ఒకటి తీసుకోండి. మూరెడు దూరానికి 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత) చాలు. పెట్టె మీద 10,000 అని రాసి లోపల ఒకే 18650 సెల్ (మళ్లీ ఛార్జ్ చేసుకునే గుండ్రటి సెల్) ఉంటే నమ్మొద్దు. ఆ సెల్‌లో ఉండేది 11, 12 వాట్-అవర్లు. వాట్‌కు సుమారు 100 ల్యూమెన్ల లెక్కన గంటసేపు ఇచ్చేది దాదాపు 1100 ల్యూమెన్లే. స్ట్రోబ్ (కెమెరాకు దూరంగా పెట్టే విడి ఫ్లాష్) తర్వాత కొనుక్కోవచ్చు.

లైటును లెన్సు పక్క నుంచి కాకుండా ఆర్మ్ చాపి, పక్కగా 45 డిగ్రీల కోణంలో పెట్టాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి. కనబడిన చోటికే లైటు తిప్పితే వెలుగు చేప ముందున్న నీటి మీద పడుతుంది, నలకలే వెలుగుతాయి. చేప కాస్త వెనక ఉందనుకుని తిప్పండి. ఎర్ర ఫిల్టర్ నీలం నీళ్లకు పనికొస్తుంది, మన పచ్చ నీళ్లకు మెజెంటా కావాలి. లైటు వేస్తే ఏదీ అక్కర్లేదు, కాబట్టి ఆ ఖర్చు వద్దు.

హౌసింగ్ కారడానికి మామూలుగా కారణం ఓ-రింగ్ మీది వెంట్రుక, ఇసుక రేణువు, లేదా తువ్వాలు పోగు. లోతులో పీడనం మూతను నొక్కి బిగిస్తుంది కాబట్టి కారేది ఎక్కువగా పైపైనే, ఒక్కోసారి కడిగే తొట్టిలోనే. రింగును గోరుతో కాదు, వేళ్లతో నొక్కి పైకి లేపి తీయండి. గాడిని పోగులు రాలని బట్టతో తుడిచి, బియ్యపుగింజంత గ్రీజు రింగంతా సన్నగా రాయండి. గ్రీజు పని నీళ్లు ఆపడం కాదు, రింగు మెలిపడకుండా జారనివ్వడం. ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది. రింగుతో కంపెనీ ఇచ్చిన గ్రీజే వాడండి, వాజ్‌లైనూ కొబ్బరినూనే వద్దు. కొత్త హౌసింగ్‌ను మొదట కెమెరా లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి, బరువు కట్టి దింపండి. టిష్యూ తడిస్తే ఎక్కడ తడిసిందో అక్కడే లోపం.

చెన్నై ఉక్కపోతలో పడవ మీద హౌసింగ్ మూస్తే ఆ తేమంతా లోపలే ఉండిపోతుంది. నీళ్లలోకి దిగగానే గాజు మీద ఆవిరి పడుతుంది. ముందురోజు రాత్రే ఏసీ గదిలో, సిలికా జెల్ పొట్లం పెట్టి మూసేయండి. పడవలో ఎండ తగలకుండా తడి గుడ్డ కప్పండి.

పైకి రాగానే ఉప్పు ఆరకముందే మంచినీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లలో ఉండగానే ప్రతి బటన్నూ పదేసిసార్లు నొక్కాలి. ఈసీఆర్ పొడవునా చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే స్ప్రింగుల దగ్గర ఉప్పు అలాగే మిగులుతుంది. చివరి నానబెట్టుడు మాత్రం క్యాన్ నీళ్లతో చేసి, నీడలో ఆరనిచ్చి, పూర్తిగా ఆరాకే మూత తెరవండి.