నాయనకు మళ్లీ చెప్పే మాటలు

ఇంట్లో కూర్చొని చూసే సినిమాను నేను ఒకే కొలతతో కొలుస్తాను. తెర మీద పాత్ర పలికిన మాటను పక్కనున్న మనిషికి మామూలు గొంతుతో తిరిగి చెప్పినప్పుడు అందులో ప్రాణం మిగిలి ఉన్నదా లేదా అని చూస్తాను. ఈ కొలత మా ఇంటి అవసరం నుంచి పుట్టింది. మా నాయనకు వినికిడి బాగా తగ్గింది. టీవీ శబ్దం ఎంత పెంచినా ఆయనకు నేపథ్య సంగీతం అందుతుంది గాని సంభాషణ విడివిడిగా అందదు. అందుచేత తిరుపతిలోని మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఏది చూసినా, "ఏమంటా ఉండాడు వాడు?" అని ఆయన అడగడం, నేను ఆయన చెవి దగ్గర ఆ మాటను తిరిగి చెప్పడం అలవాటుగా మారింది.

శబ్దం ఇంకొంచెం పెంచవచ్చు కదా అని బంధువులు అంటూ ఉంటారు. దానివల్ల ఫలితం ఉండదు. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా హెచ్చు స్థాయి ధ్వనులను తీసుకుపోతుంది; అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి, స, శ, చ, త వంటి హల్లులు జారిపోతాయి, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని ఏం మాట్లాడుతున్నారో తెలియదు. దీనికి తోడు, సినిమా శబ్దాన్ని పెద్ద హాలును దృష్టిలో పెట్టుకొని కలుపుతారు. థియేటరులో సంభాషణ ప్రధానంగా తెర మధ్య భాగం వెనుక ఉన్న స్పీకర్ల నుంచి వస్తుంది, సంగీతమూ చప్పుళ్లూ పక్కల నుంచి, వెనుక నుంచి వస్తాయి. ఆ మొత్తాన్ని ఇంటి టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించినప్పుడు మాట అడుగున పడిపోతుంది. చాలా టీవీల్లో సంభాషణను స్పష్టం చేసే సెట్టింగు ఒకటి ఉంటుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో దాన్ని వెతికి పెట్టుకోవడం మంచిది.

మన ఊరి గ్రూప్ థియేటర్లలో మొదటి రోజు ఆట చూసినప్పుడు ఈలల మధ్య సగం మాటలు వినిపించవు, వినిపించకపోయినా ఎవరికీ లోటు అనిపించదు. ఆ జన సందోహం, ఆ డప్పులు, ఆ వెలుగు కలిసి సినిమాను మోస్తాయి. ఇంట్లో ఆ ఆసరా ఏదీ ఉండదు. వంటింట్లో గిన్నెల చప్పుడు, వీధిలో బండి హారను, మధ్యలో వచ్చే ఫోను, వీటన్నింటినీ తట్టుకొని నిలబడాలంటే మనిషి మనిషితో మాట్లాడే తీరులో సత్తా ఉండాలి. అది లేని సినిమాలు నా నోట తిరిగి పలికినప్పుడు ఎంత డొల్లగా ఉంటాయో చాలాసార్లు చూశాను. అరుపులో గొప్పగా వినిపించిన వాక్యాన్ని నెమ్మదిగా చెప్పగానే మా నాయన "అంతేనా?" అంటారు.

పాత సినిమాల దగ్గర ఈ ఇబ్బంది తక్కువ. చిత్తూరు నాగయ్య గారి గొంతు దీనికి మంచి ఉదాహరణ. ఆయన పుట్టింది గుంటూరు ప్రాంతంలో అయినా, చిత్తూరు రామవిలాస సభ నాటకాలలో పేరు తెచ్చుకొని, ఆ ఊరి పేరునే ఇంటిపేరులా జీవితాంతం మోశారు. 1946లో వచ్చిన 'త్యాగయ్య'కు ఆయనే దర్శకుడు, ఆయనే సంగీత దర్శకుడు, ఆయనే కథానాయకుడు. ఇప్పుడు దొరికే ప్రతుల్లో గీతలు, మచ్చలు ఉన్నా మాట మాత్రం చెక్కుచెదరలేదు. నాగయ్య గారు వాక్యాన్ని తొందరపెట్టరు. ఒక్కొక్క పదానికి దాని వ్యవధిని ఇచ్చి, చివరి అక్షరాన్ని కూడా మింగకుండా పలుకుతారు. 'యోగి వేమన'లో భోగలాలసుడైన యువకుడు విరాగిగా మారే క్రమాన్ని వేషం కంటే ముందుగా ఆ గొంతులోని తగ్గుదలే చెబుతుంది. ఆ సినిమాలు చూసేటప్పుడు మా నాయన సగానికి పైగా మాటలను నా సాయం లేకుండానే పట్టుకుంటారు, ఎందుకంటే ఆ నటుల పెదవులు స్పష్టంగా కదులుతాయి, కెమెరా వాళ్ల ముఖాలను వదిలిపెట్టదు.

ముఖం సంగతి వచ్చింది కాబట్టి 'మాయాబజార్' గురించి ఒక అభిప్రాయం చెప్పాలి. 1957 నాటి ఆ చిత్రానికి 2010లో రంగులద్ది విడుదల చేశారు. ఆ పనిలోని శ్రమను గౌరవిస్తూనే, ఇంట్లో చూసేవారు నలుపు తెలుపు ప్రతినే చూడాలని నేను గట్టిగా చెబుతాను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుగును, నీడను లెక్కవేసి ముఖాల మీద నిలిపిన చిత్రం అది. రంగులు చేరగానే చూపు ఆభరణాల మీదికి, పట్టుబట్టల మీదికి వెళ్లిపోతుంది, ముఖం పక్కకు జరుగుతుంది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు నటించిన ఘట్టాలను శబ్దం ఆపి చూసినా, ఆ సుకుమారమైన శరీరంలో ఎవరున్నారో భుజాల కదలిక వల్ల, కనుబొమల వల్ల తెలిసిపోతుంది. శబ్దం పెట్టి చూస్తే పింగళి నాగేంద్రరావు గారి మాటలు దానికి రెండింతల బలం చేకూరుస్తాయి. నేను ఆ మాటలను తిరిగి చెప్పేటప్పుడు నా గొంతు కూడా నాకు తెలియకుండానే గంభీరమవుతుంది, మా నాయన కళ్లు మెరుస్తాయి.

'శంకరాభరణం' విషయం వేరు. అందులో మంజుభార్గవి గారు ధరించిన తులసి పాత్రకు మాటలు చాలా తక్కువ. జంధ్యాల గారు ఎక్కడ రాయకూడదో తెలిసి రాశారు, విశ్వనాథ్ గారు ఆ ఖాళీని సంగీతంతోనూ చూపులతోనూ నింపారు. ఆ సినిమా సాగినంతసేపూ నాకు పని దాదాపు ఉండదు. టీవీ ఛానళ్లలో ప్రకటనల మధ్య ముక్కలు ముక్కలుగా చూసినవారు దాన్ని నిజంగా చూడలేదనే నా అభిప్రాయం.

ఇక మన ప్రాంతపు మాట గురించి. 2021 డిసెంబరులో విడుదలై, మరుసటి నెలలోనే ఇళ్లలోకి చేరిన 'పుష్ప' మొదటి భాగాన్ని తిరుపతి, చిత్తూరు ప్రజలు మిగతావారిలా చూడలేరు. శేషాచలం కొండలు మా కిటికీలోంచి కనిపిస్తాయి. ఎర్రచందనం కేసుల వార్తలు మా పేపర్లలో జిల్లా పేజీకి కొత్తవి కావు. అంతకుముందు మన సినిమాల్లో సీమ మాట అంటే చాలావరకు ఫ్యాక్షన్ నాయకుడి గర్జనగానో, నవ్వించే పాత్ర నోటి విచిత్రంగానో ఉండేది. పైగా కడప, కర్నూలు, చిత్తూరు మాటలన్నీ ఒకటే అన్నట్టు కలిపేసేవారు. తమిళానికి దగ్గరగా ఉండడం వల్ల మా వైపు మాటకు వేరే సాగదీత ఉంటుంది, ప్రశ్న అడిగే తీరు వేరు, కోపంలోనూ ఒక నిదానం ఉంటుంది. కథానాయకుడు మొదటి నుంచి చివరి దాకా ఆ మాటలోనే ప్రేమించడం, బేరమాడడం, అవమానపడడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. ఆ పాత్రకు అల్లు అర్జున్ గారికి ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం వచ్చింది, ఒక తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఎర్రచందనం దుంగలకు ధర కుదుర్చుకొనే సన్నివేశాలను నేను మా నాయనకు తిరిగి చెబుతుంటే అవి మా బంధువుల ఇళ్లలో పొలం బేరాల్లా సహజంగా పలికాయి.

అయితే అదే సినిమాలో కథానాయిక శ్రీవల్లి నవ్వుకు, ముద్దుకు డబ్బు కట్టే సన్నివేశాలు ఉన్నాయి. వాటిని తిరిగి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కడ బూతు ఏమీ లేదు. ఒక ఆడపిల్ల నవ్వుకు వెలకట్టడాన్ని ప్రేమకథకు నాందిగా చూపించడం తప్పని నేను నమ్ముతాను. థియేటరు నవ్వుల్లో అది గబగబా దాటిపోతుంది. అమ్మ, అక్క, మేనకోడళ్లు కూర్చున్న ముందు గదిలో ఆ మాటను ఒకసారి పలికి చూస్తే దాని అసలు స్వరూపం తెలుస్తుంది. కొన్ని చిన్న పాత్రలు వాక్యం చివర మాత్రమే మా యాసను తగిలించి, మిగిలినదంతా పత్రికా భాషలో మాట్లాడడం కూడా ఇంట్లో చూసినప్పుడే పట్టుబడింది.

దీనికి పూర్తిగా భిన్నమైన తృప్తిని 'సినిమా బండి' ఇచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో 2021 మే నెలలో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చిన చిన్న చిత్రం ఇది. ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరా ఒక ఆటో డ్రైవరు చేతికి చిక్కుతుంది. దానితో సినిమా తీసి, వచ్చిన డబ్బుతో తన పల్లెను బాగుచేసుకోవాలని అతను ఆశపడతాడు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే స్నేహితుణ్ణి వెంట పెట్టుకుంటాడు. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని ఆ పల్లె మాట మా మదనపల్లె, పుంగనూరు వైపు వినిపించే మాటకు దగ్గర చుట్టం. ఎవరూ డైలాగు చెబుతున్నట్టు ఉండరు. కూరగాయలు అమ్మే అమ్మాయి కసురుకున్నా, క్షవరం చేసే కుర్రవాడు హీరోలా నడవాలని తంటాలు పడినా, పల్లెను చులకన చేయకుండా ఆప్యాయంగా చూసే చూపు ఎక్కడా తప్పదు. దాన్ని చూసేటప్పుడు నేను తిరిగి చెబుతున్నానన్న భావనే కలగలేదు, పక్కింటి కబురు చెబుతున్నట్టు అనిపించింది. మధ్య భాగంలో కథ కొంత నెమ్మదిస్తుంది, నిజమే. ఆ నెమ్మదితనమే పల్లె పగటిపూట నడిచే తీరు కాబట్టి నేను దాన్ని లోపంగా లెక్కించను.

ఆ చిత్రాన్ని నిర్మించిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. మన ప్రాంతం నుంచి వెళ్లి, ఎస్వీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివినవారే. వారు సృష్టించిన 'ది ఫ్యామిలీ మ్యాన్' రెండో సీజనులో కథ చెన్నైకి మారుతుంది. హిందీ మూలంలో తమిళులు తమలో తాము తమిళమే మాట్లాడుకుంటారు, ఉత్తరాది అధికారులు అర్థం కాక తడబడతారు, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. ఆ తరం పెద్దలకు తమిళం పరాయి భాష కాదు. మా నాయనకు హిందీ మాటలను తెలుగులో చెప్పాను, తమిళ మాటలను తమిళంలోనే చెప్పాను. అందులో రిటైరైన గూఢచారి చెల్లం సార్ ఫోనులో పొడిపొడిగా చెప్పే సమాచారాన్ని వినిపించినప్పుడు ఆయన, "ఇట్లాంటాయన మా ఆఫీసులోనూ ఒకడుండె" అన్నారు. శ్రీలంక తమిళుల ఈలం పోరాటాన్ని చూపిన తీరుపై తమిళనాడులో తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి, వాటిని తేలికగా తీసేయడం సరికాదు. అయినా భాషలు నిజంగా ఎలా కలిసిమెలిసి ఉంటాయో ఇంత నిజాయితీగా చూపిన సీరీస్ మరొకటి నేను చూడలేదు. దాన్ని ఒకే భాషలోకి డబ్బింగ్ చేసి చూస్తే సగం అందం పోతుంది.

డబ్బింగ్ మా ఇంటికి రెండు విధాల కష్టం, ఎందుకంటే పెదవులు ఒక మాట, గొంతు ఒక మాట చెబుతాయి. ఆ కళను ఉన్నత స్థాయికి తీసుకుపోయినవారు శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదువుకున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. కమల్ హాసన్ గారికి ఆయన ఇచ్చిన తెలుగు గొంతులో అతుకు కనిపించదు. ఇప్పటి అనువాదాల్లో అంత శ్రద్ధ అరుదు. రోజువారీ సీరియళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క మాటకు వరుసగా ఇంట్లో అందరి ముఖాలూ చూపించి, ప్రతి ముఖానికీ ఒక ఉరుము మోగిస్తే, అసలు అన్న మాట ఎవరికీ గుర్తుండదు. 2001లో మొదలైన హాస్య సీరియల్ 'అమృతం' నేటికీ నవ్విస్తున్నదంటే, అందులో మనుషులు ఒకరి మాట ఒకరు విని జవాబిస్తారు కాబట్టే.

ఇంత రాయడానికి కారణం ఒక కోరిక. ఇంట్లో చూసే తెలుగు సినిమాలకు ఉపశీర్షికలు ఉంటున్నా, చాలావాటికి అవి ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. తెలుగు చదవగలిగి, తెలుగు వినలేని వృద్ధులకు వాటివల్ల ప్రయోజనం లేదు. దృశ్య మాధ్యమాలు వినికిడి లోపమున్నవారికి అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. 2024 మార్చిలో సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ థియేటర్లలో ప్రదర్శించే సినిమాలకు ఇలాంటి సదుపాయాల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగు సినిమాకు తెలుగు అక్షరాలు వేయడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. చిత్రీకరణకు ముందే సంభాషణలన్నీ తెలుగులో రాసి ఉంటాయి. వేసేటప్పుడు పాటించవలసినవి కూడా పెద్ద విషయాలేమీ కావు: తెర వెనుక నుంచి ఎవరు మాట్లాడుతున్నారో పేరు ఉండాలి, తలుపు తట్టిన చప్పుడు, ఫోను మోగిన చప్పుడు వంటివి రాయాలి, అక్షరాలు దూరం నుంచి చదవగలిగినంత పెద్దవిగా ఉండాలి, పాత్ర చిత్తూరు మాట మాట్లాడితే అడుగున కనిపించే అక్షరాల్లోనూ దిద్దకుండా చిత్తూరు మాటే ఉండాలి.