రెండో గాయం

"మీ దగ్గర ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం చేస్తారా?"

ఆపరేషన్ థియేటర్లో ఇక్కడి సీనియర్ నర్సు అన్న మాట. నేనడిగిందల్లా ఒక్కటే: పిల్లాడి పక్కటెముక ఉండగా దాత కార్టిలేజ్ (మెత్తటి ఎముక) ఎందుకని. ఆవిడ నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది.

అవును, చేస్తాం. నెలలు నిండకుండా పుట్టి వారాల తరబడి వెంటిలేటర్ గొట్టంతో బతికిన పిల్లల్లో కొందరికి గొంతులో, స్వరపేటిక అడుగునుండే క్రికాయిడ్ అనే ఉంగరం దగ్గర మచ్చకట్టి దారి మూసుకుపోతుంది. శ్వాసమార్గంలో పూర్తి ఉంగరంలా ఉండే కార్టిలేజ్ అదొక్కటే. అక్కడ వాపొస్తే లోపలికి పెరగాల్సిందే. 71 నుంచి 99 శాతం మూసుకుంటే గ్రేడ్ 3 అంటారు. ఉంగరాన్ని చీల్చి, మధ్యలో కార్టిలేజ్ ముక్క కుట్టి దారి వెడల్పు చేయాలి.

నేను పని నేర్చుకున్న చోట ఆ ముక్క పిల్లాడి ఛాతీలోంచే వచ్చేది. సర్జన్ దాన్ని పడవలా చెక్కేవారు, లోపలికి జారకుండా అంచులు వదిలి. తర్వాత ఛాతీ గాయంలో సెలైన్ పోస్తే, మత్తు డాక్టరు ఊపిరితిత్తుల్ని ఉబ్బించేవారు. బుడగ కనిపిస్తే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర చిరిగినట్టే. ఆ నీళ్లకేసి చూస్తూ ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఇక్కడ ఆ భయం లేదు. చనిపోయిన దాత నుంచి తీసి, గామా కిరణాలతో శుద్ధిచేసిన ముక్క ప్యాకెట్లో వస్తుంది. దాత నంబరు, గడువు తేదీ ఉన్న స్టిక్కరు కేస్‌షీటులోకి ఎక్కుతుంది. ఏ ముక్క ఎవరికి వెళ్లిందో ఏళ్ల తర్వాతైనా చెప్పగలరు. ఆ స్టిక్కరంటే నాకు అసూయే. కానీ దాని వెనక దాత కుటుంబం ఒప్పుకోవాలి, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు జరగాలి, టిష్యూ బ్యాంకు ఉండాలి. అవి అందనిచోట రెండో గాయం చేయడం వెనకబాటుతనమా?

పైగా ఆ ప్యాకెట్లోది ప్రాణంలేని ముక్క. కార్టిలేజ్‌లో రక్తనాళాలుండవు కాబట్టి శరీరం పెద్దగా తిరగబడదు, రోజూ మందులక్కర్లేదు. నిజమే. కానీ మెల్లగా కరిగిపోవచ్చు, దారి మళ్లీ ఇరుకవచ్చు. సొంత ముక్కలో బతికున్న కణాలుంటాయి. పెరిగే పిల్లాడికి అదే మేలని ఇప్పటికీ వాదిస్తాను.

పెద్దవయసువాళ్ల సంగతి వేరు. పక్కటెముక కార్టిలేజ్ సున్నం పట్టి గట్టిపడితే చెక్కుతుంటేనే విరుగుతుంది. అలాంటి కేసుకు ప్యాకెట్ నేనే అడుగుతానని ఆవిడతో అన్నాను.

"అయితే ఒప్పుకున్నట్టేగా?" అంది.

సగమే ఒప్పుకున్నానన్నాను.