దేవసహాయం యాత్ర: పడమర నుంచి తూర్పుకు

కన్యాకుమారి జిల్లాకు యాత్ర పోయేవాళ్లు నేరుగా కాట్టాడిమలై కొండకు పోయి, దండం పెట్టుకొని వచ్చేస్తే, చూసింది క్రైస్తవ విశ్వాసం కోసం చనిపోయిన పునీత దేవసహాయం ప్రాణం విడిచిన చోటు ఒక్కటే. ఆయన బతుకంతా కళ్లకు కట్టాలంటే పడమర నుంచి తూర్పుకు నడవాలి.

అందుకే వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరువనంతపురంలో దిగడం మేలు. అక్కడి నుంచి నాగర్‌కోయిల్ పోయే దారిలోనే అన్నీ వరుసగా తగులుతాయి. ముందు మార్తాండం. ఆ దగ్గరి నట్టాలంలో 1712లో నీలకంఠన్‌గా పుట్టాడు. తక్కలై దాటాక పులియూర్‌కురిచ్చి. ఇక్కడ తొందరపడొద్దు. ఉదయగిరి కోటలో డచ్చి కెప్టెన్ డి లానోయ్ సమాధి ఉంది. 1741లో కొళచ్చెల్ యుద్ధంలో తిరువాంకూరు రాజు మార్తాండవర్మకు చిక్కి, ఆయన సైన్యానికే శిక్షణ ఇచ్చినవాడు. కష్టాల్లో ఉన్న నీలకంఠన్‌కు బైబిల్లోని యోబు కథ చెప్పింది ఈయనే. 1745 మే 14న వడక్కన్‌కుళంలో నీలకంఠన్ జ్ఞానస్నానం తీసుకొని క్రైస్తవుడయ్యాడు. లాజరు అన్న పేరుకు తమిళంలో దేవసహాయం అన్నారు, మనకూ అర్థమయ్యే మాటే. పేరు చివరి ‘పిళ్లై’ కులాన్ని చెప్పేది కాబట్టి 2020లో వాటికన్ తీసేసింది. మనమూ దాన్ని తగిలించకుండా పిలవడమే న్యాయం.

పులియూర్‌కురిచ్చిలోనే ముట్టిడిచ్చాన్ పారై ఉంది. దాహంతో మోచేత్తో పొడిస్తే ఈ బండలో నీరు ఊరిందని నమ్మకం. తర్వాత నాగర్‌కోయిల్, అక్కడ కోట్టార్ కెథడ్రల్‌లో ఆయన సమాధి.

పండుగ జనవరి 14. చిక్కంతా ఇక్కడే: మనకు సంక్రాంతి, శబరిమలలో మకరజ్యోతి కూడా అప్పుడే. విజయవాడ దాకా పండుగ జనం, ఆపైన అయ్యప్ప స్వాములు. వెయిటింగ్ లిస్టు నమ్ముకొని బయల్దేరొద్దు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ లెక్క రైలు ఢిల్లీలో బయల్దేరే రోజు నుంచి, అంటే మనం ఎక్కే ముందురోజు నుంచి. 11న వరంగల్‌లో రైలెక్కాలంటే నవంబరు 11 ఉదయం 8 గంటలకే టికెట్ చూసుకోవాలి. 13న దారిలోవి చూసి, 14న కొండ దగ్గర ఉండొచ్చు. పెద్దవాళ్లను తీసుకుపోతుంటే పండుగ వద్దు, ఫిబ్రవరి హాయి.

కాట్టాడిమలై ఆరల్‌వాయ్‌మొళిలో ఉంది. చుట్టూ గాలిమరలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఈడ్చి కొడుతుంది, ఆరుబయట కొవ్వొత్తి నిలవదు. 1752 జనవరి 14న సైనికులు ఆయన్ని తుపాకులతో కాల్చింది ఇక్కడే. కొండమీద మణియడిచ్చాన్ పారై అనే బండను చిన్న రాయితో తట్టండి. రాతి చప్పుడు రాదు. ఖంగుమని గుడిగంట మోగినట్టే ఉంటుంది.