కోకో తోటల బడి, కేకు పొడి పొట్లం

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచిక కోసం అందరినీ జ్ఞాపకాలు రాయమన్నారు, నన్ను మాత్రం వంటకం రాయమన్నారు. పోయిన సంక్రాంతి కలయికకు నేను తెచ్చిన చాక్లెట్ ఉండలే దీనికి కారణం. "కొన్నవా, చేసినవా?" అని అడిగిన వారందరికీ విడివిడిగా ఫోనులో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. అయితే వంటకం ఒక్కటే రాసి ఊరుకోను. వాటిలో ముఖ్యమైన సరుకులు రెండే: కేకు పొడి, చాక్లెట్. రెండింటితోనూ మనకు బడి రోజుల నుంచే సంబంధం ఉంది.

బడి గేటు దాటి బస్టాండు వైపు నడిస్తే వచ్చే బేకరీని ఎవరూ మరిచిపోయి ఉండరు. పుట్టినరోజు కేకులను సమంగా చెక్కగా మిగిలిన అంచులనూ పొడినీ పాత పేపరు పొట్లాలుగా కట్టి, గాజు బీరువా మీద వరసగా పేర్చేవారు. క్రీము కేకు ముక్క కొనాలంటే నలుగురం డబ్బులు కలుపుకోవాలి. పొట్లమైతే ఎవరి చిల్లరతో వారు కొనుక్కోవచ్చు. లోపల ఏముందో విప్పితే కానీ తెలియదు. ఎక్కువగా ఎండిన వెనీలా కేకు, అప్పుడప్పుడు పైనాపిల్, అదృష్టం బాగుంటే గులాబీ రంగు క్రీము అంటుకున్న ముక్క. ఆ ముక్క కోసం మా 2006 బ్యాచ్‌లో జరిగిన తగాదాల వివరాలు రాయను. తగాదా పడినవారిలో ఒకరు ఇప్పుడు ఇతరుల తగాదాలు తీర్చే ఉద్యోగంలో ఉన్నారు.

చాక్లెట్‌కు మూలమైన కోకో సంగతి వేరు. ఏలూరు జిల్లాగా మారక ముందు, మన ఊరు పశ్చిమ గోదావరిలోనే ఉన్న రోజుల్లో, కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేయడం మన కళ్ల ముందే పెరిగింది. కోకోకు నీడ కావాలి, కొబ్బరికి ఆ నీడ ఇవ్వడంలో నష్టమేమీ లేదు. కొమ్మల చివర కాకుండా నేరుగా మానుకే పూత పూసి, మానుకే కాయ వేలాడే ఆ చెట్టును చూసి పట్నం నుంచి వచ్చిన బంధువులు ఆశ్చర్యపోయేవారు. మనకు అది ఆశ్చర్యం కాదు, సాయంత్రపు తిండి. పండిన కాయను రాతికి కొట్టి పగలగొడితే లోపల ముప్పై నలభై గింజలు, ఒక్కో గింజకూ అంటుకుని తీపీ పులుపూ కలిసిన తెల్లని గుజ్జు. గుజ్జు చప్పరించి గింజ ఉమ్మేయడం మన పద్ధతి. పొరపాటున గింజ కొరికితే లోపల ఊదారంగు, నాలుక ముడుచుకుపోయే చేదు. చాక్లెట్ తయారయ్యేది ఆ చేదు గింజతోనే అని ఎవరైనా చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

తోటవాళ్లు మాత్రం మనం ఉమ్మేసిన గింజల లెక్క మనసులో పెట్టుకునేవారు. ఉడతలకూ ఎలుకలకూ ఎలాగూ వాటా పోతుంది, ఇప్పుడు బడిపిల్లలు కూడానా అని తిట్టేవారు. గింజలను గుజ్జుతో సహా పోగుపోసి, అరటి ఆకులో గోనె సంచులో కప్పి అయిదారు రోజులు పులియబెట్టేవారు. మధ్యమధ్యలో తిరగేసేటప్పుడు లేచే ఘాటైన పులిసిన వాసన గాలివాటుగా మన తరగతి గది దాకా వచ్చేది. పోగులోపల వేడి నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. చాక్లెట్ రుచికి పునాది పడేది అక్కడే, ఆ తరువాతే ఎండబెట్టడం, వేయించడం. పులియని గింజను ఎంత వేయించినా చాక్లెట్ రుచి రాదు. కిటికీలు మూయించిన మన తెలుగు టీచరుగారికి ఈ సంగతి తెలిసి ఉంటే కొంచెం ఓర్చుకునేవారేమో.

ఇక వంటకం. అసలైన ట్రఫుల్ అంటే వేడి మీగడలో చాక్లెట్ కరిగించి చల్లార్చి చుట్టే మెత్తని ఉండ. మనం చేసేది దానికి పొదుపరి చెల్లెలు, కేకు ట్రఫుల్. మిగిలిపోయిన కేకును ఇలా ఉండలు చుట్టి అమ్మడం చాలా దేశాల బేకరీల్లో ఉంది. డెన్మార్క్‌లో వీటిని రోమ్‌కూగ్లర్ అంటారు, రమ్ము సువాసన కలిపి కొబ్బరి కోరులోనో రంగు చక్కెర పలుకుల్లోనో దొర్లిస్తారు. అందుకే నా గట్టి అభిప్రాయం, దీనికోసం కొత్తగా కేకు చేయకండి, కొనకండి. పొంగనిది, అడుగు మాడితే ఆ భాగం కోసేయగా మిగిలినది, పుట్టినరోజు మర్నాడు ఎవరూ ముట్టనిది, ఇవే దీనికి తగినవి. గుడ్డు తిననివారు గుడ్డు లేని కేకు వాడుకోవచ్చు, తేడా ఏమీ ఉండదు.

మూడు వందల గ్రాముల కేకును చేత్తో నలిపి రవ్వలా పొడి చేయండి. అందులో తియ్యని చిక్కటి డబ్బా పాలు మూడు పెద్ద చెంచాలు కలపండి. కేకు మీద క్రీము ఉంటే అది కూడా తేమే కాబట్టి పాలు తగ్గించాలి, బాగా ఎండిన కేకైతే ఇంకో చెంచా పడుతుంది. ఇక్కడ కొలత కన్నా చెయ్యి ముఖ్యం. సున్నుండ పట్టేటప్పుడు పిండిలో నెయ్యి చాలిందో లేదో పిడికిలి నొక్కి చూస్తాం, ఇదీ అంతే. నొక్కితే విడిపోకుండా నిలవాలి, వేళ్లకు జిగటగా అంటకూడదు. తేమ ఎక్కువైతే ఉండ చాక్లెట్‌లో ముంచగానే కిందికి జారి సాగిపోతుంది. ఇరవై గ్రాముల చొప్పున చుడితే పదిహేడు, పద్దెనిమిది ఉండలవుతాయి. చిటికెడు ఉప్పు, అర చెంచా కాఫీ పొడి కలిపితే తీపి మొహం మొత్తదు. ఈ ఉప్పు సంగతి చెప్పినప్పుడు మొహం చిట్లించినవారే ఆ రోజు రెండోసారి డబ్బాలో చెయ్యి పెట్టారు.

ఉండలను ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే చాలు. డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడేదాకా పెట్టవద్దు. గడ్డకట్టిన ఉండ బయటికి వచ్చాక వ్యాకోచిస్తుంది, అప్పటికే బిగుసుకున్న చాక్లెట్ పొర చిట్లుతుంది. ఇది సైన్సు మాస్టారి పాఠమే.

నిజానికి చాక్లెట్ పూత మొత్తం ఆయన పాఠమే. కార్బన్ రూపాంతరాలు చెబుతూ వజ్రమూ గ్రాఫైటూ ఒకే మూలకమని, పరమాణువుల అమరికలో తేడా వల్లే ఒకటి గాజును కోస్తుందని, ఇంకొకటి కాగితం మీద గీత గీస్తుందని నల్లబల్ల నిండా బొమ్మలు వేశారు. కోకో గింజల్లోని కొవ్వు, అంటే కోకో వెన్న కూడా అలాంటిదే. గడ్డకట్టేటప్పుడు దాని స్ఫటికాలు ఆరు రకాలుగా ఏర్పడగలవు. వాటిలో అయిదోది ఏర్పడితేనే చాక్లెట్ నిగనిగలాడుతుంది, విరిస్తే టక్కుమంటుంది, ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర నోట్లో కరుగుతుంది. మొదటి నాలుగు రకాలు ఏర్పడితే మెత్తబడి, కొన్నాళ్లకు పైన తెల్లటి పొర పడుతుంది. కోకో వెన్న మూలకం కాదు కాబట్టి వీటిని రూపాంతరాలు అనకూడదని మాస్టారు ఇప్పటికీ దిద్దుతారు, దిద్దారు కూడా, ఉండ నములుతూనే.

ఆ అయిదో రకాన్ని రప్పించడానికి సులువైన దారి ఉంది. డార్క్ చాక్లెట్ రెండు వందల గ్రాములు తీసుకోండి. అందులో మూడింట రెండు వంతులు వేడినీటి గిన్నె మీద ఇంకో గిన్నెలో పెట్టి నలభై అయిదు డిగ్రీల దాకా కరిగించండి. దించి, మిగిలిన వంతును సన్నగా తరిగి కొద్దికొద్దిగా కలుపుతూ ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీలకు చల్లార్చండి. కొత్తగా వేసిన ముక్కల్లోని మంచి స్ఫటికాలు మిగతాదాన్ని తమ దారికి తెచ్చుకుంటాయి. థర్మామీటరు లేకపోతే చుక్క తీసి కింది పెదవికి రాసుకోండి, కాస్త చల్లగా తగలాలి. చాకు మొనకు రాసినది నాలుగైదు నిమిషాల్లో మెరుస్తూ ఆరితే ఉండలు ముంచవచ్చు. గిన్నెలోకి నీటి చుక్క పడనివ్వకండి, ఆవిరి కూడా తగలనివ్వకండి. కాస్త తడికే చక్కెరా కోకో పొడీ ముద్దలు కట్టి చాక్లెట్ బిరుసెక్కిపోతుంది.

ఇదంతా చలికాలం మాట. మే నెలలో మన ఊళ్లో వంటగదే కోకో వెన్న కరిగే వేడిని దాటి ఉంటుంది, అప్పుడు ఏ స్ఫటికమూ మన మాట వినదు. ఎండాకాలం కాంపౌండ్ చాక్లెట్ వాడండి. అందులో కోకో వెన్న బదులు వేరే వంటనూనెల కొవ్వు ఉంటుంది కాబట్టి ఈ చల్లార్చే తతంగం అక్కరలేదు, కరిగించి ముంచితే చాలు. సులభం అనే మాటకు తగినది అదే, పిల్లలతో చేయించడానికి కూడా అదే మేలు. రుచిలో మాత్రం అంతంతే, అంగిలికి మైనం అంటినట్టు ఉంటుంది. మిగిలింది కదా అని రెండింటినీ కలిపి కరిగించకండి. ఆ రెండు కొవ్వులూ పొసగవు, పూత మెత్తబడి తెల్లబారుతుంది.

ముంచడానికి ఫోర్కు చాలు. ఉండను ముంచి, పైకెత్తి, ఫోర్కును గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, బటర్ పేపరు మీదకు జార్చండి. పూత ఆరకముందే ఎండుకొబ్బరి కోరు చల్లండి. కొబ్బరి, కోకో ఒకే తోటవి, పక్కపక్కనే పెరిగినవి, డబ్బాలోనూ కలిసే ఉండనివ్వండి. బాదం పలుకులు చల్లేవారితో నాకు గొడవ లేదు, కానీ అవి కొన్న డబ్బుతో ఇంకో కేకు వస్తుంది.

చలికాలంలో గాలి దూరని డబ్బాలో రెండు రోజులు బయట ఉంటాయి, ఫ్రిజ్‌లో వారం. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బాను వెంటనే తెరవకండి. చల్లని పూత మీద గాలిలోని తేమ చెమటగా పట్టి, ఆరాక మచ్చలు మిగుల్చుతుంది. మూత పెట్టే అరగంట బయట ఉంచి ఆ తరువాత తెరవాలి. వచ్చే సంక్రాంతికి డబ్బా నా దగ్గరే ఉంటుంది, ఆ అరగంట అయ్యేదాకా మా బ్యాచ్ వాళ్లెవరూ దగ్గరికి రాకూడదు. తోటలున్నవారు పులియబెట్టి ఎండబెట్టిన గింజలు ఒక కిలో తెస్తే, వేయించి నూరే పని నేను చూసుకుంటాను.