సైటు కొనేముందు నీళ్ల దారి చూడండి

బెంగళూరు చుట్టూ సర్జాపూర్, హొసకోటె, దేవనహళ్లి వైపు కొత్త లేఅవుట్లు చూడ్డానికి మనవాళ్లు ఎక్కువగా ఎండ కాసే ఆదివారమే వెళ్తారు. తారు రోడ్డు, గేటు, పార్కు బోర్డు కనిపిస్తాయి. వాన నీళ్లు ఎటు పోతాయో కనిపించదు. ఖాతా, ఈసీ లాంటి ఆస్తి కాగితాలు చూడ్డానికి లాయరు ఉంటారు, నీళ్ల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

బెంగళూరులో ఒక చెరువు నిండితే అలుగు పారి, రాజకాలువ (చెరువులను కలిపే వాన నీటి కాలువ) గుండా కింది చెరువుకు చేరేలా పెద్దలు కట్టారు. అలుగును ఇక్కడ కన్నడంలో 'కోడి' అంటారు, ఊళ్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు ఆ మాట పనికొస్తుంది. బెళ్లందూరు నీళ్లు వర్తూరుకు, అక్కణ్ణించి దక్షిణ పినాకిని నదికి వెళ్లేది అలాగే. ఈ వరసలో ఎక్కడ మట్టి పోసి సైట్లు వేసినా వాన నీరు పాత దారికే వస్తుంది. 2022 సెప్టెంబరులో సర్జాపూర్ రోడ్డు చుట్టుపక్కల జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తేవాల్సి వచ్చింది.

కాబట్టి సైటు నంబరుతో ఆగకుండా సర్వే నంబరు అడగండి. ఫోన్‌లో కర్ణాటక ప్రభుత్వ దిశాంక్ యాప్ తెరిచి సైటులో నిలబడితే, మీరున్నది ఏ సర్వే నంబరో చూపిస్తుంది. దాన్ని పాత గ్రామ నక్షాతో పోల్చి, చెరువు, కాలువ గీతలు ఎక్కడున్నాయో చూడండి. తర్వాత పహాణీ, అంటే ఆ సర్వే నంబరు భూమి రికార్డు చూడండి. విస్తీర్ణం దగ్గర 'బి ఖరాబు' కింద గుంటలు రాసి ఉంటే అది దారి, కాలువ, చెరువు లాంటి ఉమ్మడి భూమి, అమ్మే హక్కు ఎవరికీ లేదు. గుంటంటే 1089 చదరపు అడుగులు, దాదాపు ఒక 30×40 సైటంత. ఆ గుంటలు లేఅవుట్ ప్లానులో ఎక్కడ చూపించారో అడగండి. అమ్మేవాళ్లు నసిగితే ఆ సైటు వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే.

బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం) 2015 మాస్టర్ ప్లాను ప్రకారం పెద్ద రాజకాలువ మధ్య నుంచి 50 మీటర్లు, రెండో తరగతిదైతే 25, మూడోదైతే 15 వదలాలి. ఆ ప్లాను హద్దు దాటితే అక్కడి ప్లానింగ్ అథారిటీని అడగాలి.

ఇక తాగే నీళ్లు. 2024 అక్టోబరులో మొదలైన కావేరి ఐదో దశ, 2007లో నగరంలో కలిసిన 110 పల్లెల కోసం. వాటి బయటున్న లేఅవుట్‌లో 'కావేరి వస్తుంది' అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి, బోరు, ట్యాంకరే లెక్కలో వేసుకోండి. 6000 లీటర్ల ట్యాంకరు ఒకేసారి పట్టాలంటే సంపు 8×6 అడుగులు, లోతు 6 అడుగులుండాలి. పైన ఒక అడుగు ఖాళీ వదిలినా 6800 లీటర్లు పడతాయి. అంతకన్నా చిన్నదైతే మిగిలిన నీళ్లకూ డబ్బు కట్టాల్సిందే.

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే 80 వేల లీటర్ల పైమాటే. మొదటి వాన నీళ్లు బయటికి వదిలే వాల్వు, ఫిల్టరు పెట్టి సంపుకు కలపండి. పొంగినవి 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఇంకుడు బావికి పోవాలి. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేని చోట సెప్టిక్ ట్యాంకు ఆ బావికి వీలైనంత దూరంగా ఉండాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, రెండూ ఒకే మూలలో తవ్విస్తారు.

పునాది మట్టం రోడ్డు మధ్యభాగం కన్నా కనీసం 2 అడుగులు ఎత్తు పెట్టించండి. తారు వేసిన ప్రతిసారీ రోడ్డు పెరుగుతుంది, గడప పెరగదు.